దవాఖాన లోపల ఒక్క పూటైనా నిలబడకుండా నీట్ ఫారం నింపుతున్నారా?

పోయినేడు దసరాకు ఊరికి పోతే మా చిన్నమ్మ బిడ్డ నన్ను పక్కకు పిలిచింది. అప్పుడామె నల్లగొండలో బీఎస్సీ చివరి సంవత్సరం. హైదరాబాద్‌లో మెడికల్ స్క్రైబ్ ఉద్యోగానికి ఎంపికైంది, పరీక్షలయ్యాక చేరాలి. మనసంతా మాత్రం ఎంబీబీఎస్ మీదనే. "అన్నా, ఉద్యోగంల చేరాల్నా, లాంగ్‌టర్మ్‌ల చేరాల్నా? నీట్ ఈసారి రాయాల్నా, వచ్చేసారి రాయాల్నా?" అని ఒక్క ఊపిరిలో అడిగింది.

నేను చదివింది ఇంజినీరింగ్. మెడిసిన్ గురించి నాకేం తెలుసని అడిగిందో తెలియదు. కానీ నా దగ్గర ఒక అనుభవం ఉంది. ఇంజినీర్ అనేవాడు పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో చూడకుండానే నేను నాలుగేళ్ల బీటెక్‌లో చేరిపోయాను. ఎంసెట్ ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో బ్రాంచి వచ్చింది, చేరాను. పని ఎలా ఉంటుందో తెలిసింది మాత్రం మొదటి జీతం తీసుకున్నాక. అదృష్టం బాగుండి నాకు నచ్చింది. నచ్చని దోస్తులు బ్యాంకు కోచింగ్‌కు పోయారు, గ్రూప్స్‌కు పోయారు, ఒకడైతే కోళ్లఫారం పెట్టుకున్నాడు. ఇంజినీరింగ్‌లో ఈ తప్పుకు నాలుగేళ్లు పోతాయి. మెడిసిన్‌లో ఐదున్నరేళ్లు. అందుకే చెల్లెను ఎదురు ప్రశ్న వేశాను. "నువ్వు దవాఖానలో పనిచేసేటోళ్ల పక్కన ఎప్పుడన్నా నిలబడ్డవా?"

కాసేపు ఆలోచించి, "నాయనమ్మను డయాలసిస్‌కు తీస్కపోయిన కదా" అంది.

ఆ జవాబు చిన్నదేం కాదు. కొంచెం ఆగి మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

అక్కడ అడుగుతారు, ఇక్కడ అడగరు

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాల పిల్లలను అడిగి చూడండి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పుట్టి పెరిగిన పిల్ల డాక్టర్ కావాలంటే ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ పరీక్ష. అవి ఉంటే సరిపోదు. రోగుల దగ్గర ఎన్ని గంటలు గడిపావు, ఏం చేశావు, ఏం చూశావు అని దరఖాస్తులో రాయాలి. డాక్టర్ వెనుక నిలబడి చూడటం, అంబులెన్స్‌లో ఎమర్జెన్సీ టెక్నీషియన్‌గా పనిచేయడం, ఆసుపత్రిలో వాలంటీరుగా ఉండటం, స్క్రైబ్‌గా నోట్స్ రాయడం అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ఈ ఎండాకాలం దరఖాస్తు పంపితే తరగతులు మొదలయ్యేది వచ్చే ఏడు. గంటలు తక్కువ పడితే చాలామంది ఒక ఏడాది ఆగి, పనిచేసి, అప్పుడు దరఖాస్తు పెడతారు. "ఈ ఏడు పెట్టాలా, ఆగాలా" అన్నది అక్కడ ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ప్రశ్న. (అది చదివి మనమూ అక్కడే ఎంబీబీఎస్ చేద్దామనుకోకండి. అక్కడి చాలా మెడికల్ స్కూళ్లు విదేశీ విద్యార్థులను తీసుకోవు.)

మన దగ్గర ఈ బాధ లేదు. 720 మార్కుల పరీక్ష, 180 ప్రశ్నలు, మూడు గంటలు. ఇంటర్వ్యూ లేదు, అనుభవం కాలమ్ లేదు. ఒక రకంగా ఇది మంచిదే. క్లినికల్ అనుభవం అడిగితే ఎవరి పిల్లలు ముందుంటారో మీకూ తెలుసు. మామ డాక్టర్, బాబాయి నర్సింగ్ హోమ్ ఓనర్ అయిన పిల్లలే. మర్రిగూడలో పత్తి ఏరే ఇంటి పిల్లకు ఆ సౌకర్యం ఎక్కడిది? కాబట్టి నీట్ అడగకపోవడాన్ని నేను తప్పుపట్టను. అయితే పరీక్ష అడగలేదు కాబట్టి మీరు కూడా అడుక్కోవద్దని కాదు కదా.

సీటు వచ్చాక ఎలాగూ చూపిస్తారనే వాదన ఉంది. నిజమే. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక నుంచి మొదటి సంవత్సరంలోనే రోగుల దగ్గరకు తీసుకుపోతున్నారు. పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యాన్ని గమనించే కార్యక్రమం కూడా ఉంది. కానీ అప్పటికి మీరు చేరిపోయి ఉంటారు. ఇంట్లో ఖర్చు పెట్టి ఉంటారు. "నాకు పడట్లేదు" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పడం అప్పుడు ఎంత కష్టమో ఊహించుకోండి.

అర్హత వేరు, సీటు వేరు

చెల్లెతో కూర్చుని ముందుగా లెక్కలు వేశాం. 2025 నీట్‌కు దేశం మొత్తం మీద 22 లక్షల మందికి పైగా హాజరయ్యారు. అందులో 12 లక్షల 36 వేల మంది అర్హత సాధించారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల అటూఇటూ. అందులో ప్రైవేటు సీట్లూ కలిసి ఉన్నాయి. జనరల్ కేటగిరీలో అర్హత మార్కు 144. ఊళ్లో ఎవరైనా "మా పిల్ల నీట్ క్వాలిఫై అయింది" అని స్వీట్లు పంచితే తినండి, కానీ అది సీటు కాదు.

మార్కులను చూసి మోసపోయే మరో చోటు ఉంది. 2024లో పేపర్ తేలిక, ఫలితాలు మొదట వచ్చినప్పుడు 67 మందికి 720కి 720 వచ్చాయి. తర్వాత గ్రేస్ మార్కులు, కోర్టు కేసుల తర్వాత ఆ సంఖ్య 17కు తగ్గింది. 2025లో ఫిజిక్స్ చుక్కలు చూపించింది. దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన విద్యార్థికే 686. 650 దాటినవాళ్లు వందమంది కూడా లేరు. అందువల్ల "మా సీనియర్‌కు 500 వస్తే సీటు రాలేదు, నాకెట్ల వస్తది" అనే పోలిక పనికిరాదు. ఏ సంవత్సరం పేపర్ అని ముందు అడగండి. మార్కు కాదు, ర్యాంకు చూడండి. మీ కేటగిరీలో, తెలంగాణ కౌన్సెలింగ్‌లో, చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ జాబితాల్లో దొరుకుతుంది. మేం మూడేళ్ల జాబితాలు దించుకుని ఒక ఎక్సెల్ షీట్ చేశాం. గంటన్నర పని. కోచింగ్ సెంటర్ కరపత్రం కంటే అదే ఎక్కువ చెప్పింది.

డబ్బు లెక్క చెప్పకపోతే అబద్ధమవుతుంది. సర్కారు కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటులో కన్వీనర్ కోటా సీటుకు 60 వేలు. మేనేజ్‌మెంట్ కోటా అయితే ఏడాదికి పది లక్షలు దాటుతుంది. అంటే మీ ప్రయత్నం దేనికోసం అనేది ముందే తేల్చుకోవాలి. మా చిన్నమ్మ వాళ్లకు రెండెకరాలు. మేనేజ్‌మెంట్ సీటు అనే మాటే ఆ ఇంట్లో రాదు. కాబట్టి చెల్లె లక్ష్యం ఒకటే, కన్వీనర్ కోటా. అక్కడి ర్యాంకు కంటే కింద ఉంటే సీటు లేనట్టే.

వయసు మాటేమిటి? నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి ఇప్పుడు లేదు. ఎన్నిసార్లైనా రాయొచ్చు. ఈ వెసులుబాటే ఉచ్చు అని నాకనిపిస్తుంది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటే ఇంటికి ఎప్పుడు పోవాలో తెలియదు. 22 ఏళ్లకు చేరితే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ అయ్యేసరికి 28. పీజీ చేస్తే 31, 32. మొదటి సంపాదన హౌస్ సర్జన్ స్టైపెండ్. తెలంగాణలో 2025లో పెంచాక అది నెలకు 29 వేల పైచిలుకు. అప్పటిదాకా ఇంటి నుంచే రావాలి. ఆడపిల్ల అయితే ఇంకో లెక్క కూడా ఇంట్లో నడుస్తుంటుంది, దాని గురించి ఎవరూ ఎక్సెల్‌లో రాయరు. మా బాబాయి నోటి నుంచి "సంబంధాలు" అనే మాట ఆ వారంలో మూడుసార్లు వచ్చింది.

2016కు ముందు, తర్వాత

మన దిక్కు గురించి ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 2016 దాకా ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక్కటంటే ఒక్కటీ లేదు. నార్కట్‌పల్లిలో కామినేని, పాలమూరులో ఎస్‌వీఎస్ ఉండేవి, రెండూ ప్రైవేటు. సర్కారు సీటంటే ఉస్మానియానో గాంధీనో కాకతీయానో. ఆ సంవత్సరం మహబూబ్‌నగర్‌లో మొదలైంది. 2019లో నల్లగొండ, సూర్యాపేట. అదే ఏడాది బీబీనగర్ ఎయిమ్స్‌లో తరగతులు మొదలయ్యాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్. 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి.

సీట్లు పెరిగాయన్నది అందరూ చెప్పే మాటే. నేను చెప్పదలిచింది వేరు. మీ జిల్లా కేంద్రంలోని పెద్దదవాఖాన ఇప్పుడు టీచింగ్ హాస్పిటల్. తెల్లకోటు వేసుకున్న మెడికోలు మీ బస్టాండ్‌లోనే టీ తాగుతున్నారు. దత్తత కార్యక్రమం కింద మీ పక్క ఊరికే వచ్చి బీపీలు చూసిపోతున్నారు. పదేళ్ల కిందట అచ్చంపేట పిల్లకు ఒక మెడికోతో మాట్లాడాలంటే హైదరాబాద్ బస్సెక్కాలి. ఇప్పుడు నాగర్‌కర్నూల్ పోతే చాలు. ఒక మూడో సంవత్సరం విద్యార్థిని పట్టుకుని "రోజు ఎట్ల గడుస్తది? ఎప్పుడు వదిలేద్దామనిపించింది?" అని అడగండి. ఫస్టియర్ వాళ్లను అడిగితే తెల్లకోటు మోజులో అంతా బాగుందంటారు. మూడో సంవత్సరం వాళ్లు నిజం చెప్తారు.

చూడాలంటే ఎక్కడ నిలబడాలి

మెడికల్ కాలేజీలో చేరని మనిషిని వార్డులోకి, ఆపరేషన్ థియేటర్‌లోకి రానివ్వరు. రానివ్వకూడదు కూడా. కానీ చూడాల్సింది అక్కడే లేదు.

అన్నింటికంటే దగ్గరిది మీ ఊరి సబ్‌సెంటర్, పల్లె దవాఖాన. బుధవారం, శనివారం టీకాల రోజులు. ఏఎన్ఎం, ఆశ కార్యకర్త వస్తారు. అడిగి ఒక పూట పక్కన కూర్చోండి. పేర్లు పిలవడం, పిల్లలను వరుసలో కూర్చోబెట్టడం, తల్లులకు తర్వాతి తేదీ చెప్పడం లాంటి పనులు అప్పగిస్తారు. పాలమూరు పల్లెల్లో అయితే ముంబై, పుణె వలసపోయి వచ్చిన కుటుంబం ఒకటి తప్పక తగులుతుంది. టీకా కార్డు ఎక్కడో పోయి ఉంటుంది. ఏ డోసు పడింది, ఏది పడలేదు అని ఆ ఏఎన్ఎం తల్లిని ఎంత ఓపికగా అడుగుతుందో చూడండి. బయాలజీ పుస్తకంలో రోగనిరోధక శక్తి చాప్టర్ ఉంటుంది కానీ ఈ అడగడం ఉండదు. డాక్టర్ పనిలో సగం ఇదే.

జిల్లా దవాఖానలో ఓపీ దగ్గర సాయం చేయడానికి సూపరింటెండెంట్‌కో ఆర్‌ఎంఓకో ఒక ఉత్తరం రాయండి. మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసర్ సంతకంతో పోతే మాట వినే అవకాశం ఎక్కువ. మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద గానీ పాలమూరు యూనివర్సిటీ కింద గానీ ఉన్న డిగ్రీ కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లు ఉన్నాయి. రక్తదాన శిబిరం, ఆరోగ్య శిబిరం జరిగినప్పుడు గెస్టుకు బొకే ఇచ్చే పని కాకుండా రిజిస్ట్రేషన్ టేబుల్ అడిగి తీసుకోండి. రెడ్‌క్రాస్ ప్రథమ చికిత్స శిక్షణ దొరికితే చేయండి. నీట్ వచ్చినా రాకపోయినా అది ఉపయోగపడుతుంది.

మునుగోడు దిక్కు వాళ్లయితే దూరం పోనవసరమే లేదు. మర్రిగూడ, నాంపల్లి మండలాల పల్లెల్లో వంగిపోయిన నడుములు, వంకరపోయిన కాళ్లు మనం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం, అందుకే చూడటం మానేశాం. శివన్నగూడెం అంశాల స్వామి 2023 జనవరిలో చనిపోయేదాకా ఫ్లోరోసిస్ గురించి మాట్లాడుతూనే ఉన్నారు. ఆ ఎముకలు మళ్లీ సరికావు. ఏ డాక్టరూ సరిచేయలేడు. కావాల్సింది మందు కాదు, మంచినీళ్లు. నయం చేయలేని మనిషి ఎదుట కూర్చుని ఏం మాట్లాడాలి? డాక్టర్ కావాలనుకునేవాళ్లు ఒక్కసారైనా ఆ ఇబ్బంది పడాలి. ఒక సాయంత్రం అలాంటి ఇంట్లో కూర్చుని వాళ్లు చెప్పింది వినండి. ఫొటో తీయకండి.

ఫొటో మాట వచ్చింది కాబట్టి, టెక్నాలజీ మీద బతికేవాడిగా గట్టిగా చెప్తున్నాను. రోగి ముఖం, రిపోర్టు, బెడ్ నంబర్ ఏదీ మీ స్టేటస్‌లో, రీల్‌లో కనిపించొద్దు. సాయం చేస్తున్నట్టు సెల్ఫీ అసలే వద్దు. ఫోన్ జేబులో పెట్టి, ఇంటికొచ్చాక పేర్లు లేకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇంకో హెచ్చరిక. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "నేర్చుకుంటా" అని చేరి సూదులు వేయడం, సెలైన్ ఎక్కించడం మన దగ్గర కొత్తేం కాదు. వాళ్లు కూడా సంతోషంగా నేర్పిస్తారు, ఉచితంగా మనిషి దొరికితే ఎవరు వద్దంటారు? అర్హత లేకుండా సూది వేయడం చట్టం ప్రకారం తప్పు. ఏదైనా జరిగితే మీ పేరే బయటికొస్తుంది. అది అనుభవం కాదు, కేసు.

ఇక నాయనమ్మ డయాలసిస్ సంగతి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. చెల్లె ఇంటర్ చదివేటప్పుడు ఎనిమిది నెలలు ఈ పని చేసింది. మెషిన్ అలారం మోగితే టెక్నీషియన్ ఏం చేస్తాడు, బీపీ పడిపోతే ఎవరు పరుగెత్తుకొస్తారు, పక్క బెడ్ పెద్దాయన వారం రాకపోతే ఎవరూ ఎందుకు అడగరు, ఇవన్నీ ఆమెకు తెలుసు. మన పల్లె పిల్లల్లో చాలామందికి ఇలాంటి అనుభవం ఉంటుంది. నిమ్స్‌లోనో గాంధీలోనో వరండాలో చద్దర్ పరుచుకుని పడుకుని, పొద్దున్నే రిపోర్టుల కోసం లైన్లో నిలబడిన పిల్లలు ఎంతమంది! దాన్ని కష్టకాలం అనుకుని మర్చిపోతారు, అనుభవం అనుకోరు. అమెరికా పిల్లలు దరఖాస్తులో గంటలు లెక్కపెట్టి రాసేదానికంటే అది ఏమాత్రం తక్కువ కాదు. తేడా ఒక్కటే. అప్పుడు మీరు రోగి తరఫున ఉన్నారు. బల్లకు అవతలి వైపు ఎలా ఉంటుందో చూడాల్సి ఉంది.

ఆ పదిహేను రోజులు

సెమిస్టర్ సెలవుల్లో చెల్లె ఒక సర్కారు దవాఖానలో పదిహేను రోజులు పొద్దున పూట వాలంటీరుగా నిలబడింది. నడవలేనివాళ్లను వీల్‌చైర్‌లో తోయడం, ఏ గదికి పోవాలో చెప్పడం, చదువు రానివాళ్లకు చీటీ చదివిపెట్టడం ఆమె పని. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమోనని మేం అనుకున్నాం. అదేం కాలేదు. ఆమెను కుంగదీసింది వేరే. మూడో రోజు రాత్రి ఫోన్ చేసి, "అన్నా, డాక్టర్ ఒక్కొక్కరితో రెండు నిమిషాలు కూడా మాట్లాడ్తలేదు. బయట ఇంకా నూటయాభై మంది ఉన్నరు. నేను డాక్టరైతే గట్లనే అయితనా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న పుట్టడానికే ఆమెను అక్కడికి పొమ్మన్నాను. మరుసటి రోజు మానేస్తుందేమో అనుకున్నా. మానేయలేదు. ఆరో రోజు నుంచి కథ మారింది. డాక్టర్ రాసిన మందు ఎలా వేసుకోవాలో ముసలివాళ్లకు రెండోసారి చెప్పడం తనే మొదలుపెట్టింది. పరగడుపున ఒకటి, తిన్నంక ఒకటి అని గోలీలను వేర్వేరు కవర్లలో వేసి, సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసింది. ఫార్మసీ ఆయన చూసి మొదట కసిరి, తర్వాత కవర్లు తెచ్చిచ్చాడు. పదిహేను రోజులయ్యాక ఆమెకు ఎంబీబీఎస్ మీద కోరిక తగ్గలేదు, కానీ తొందర తగ్గింది. నా దృష్టిలో అదే పెద్ద లాభం.

మరి ఎప్పుడు రాయాలి?

2025 నీట్ దరఖాస్తులు ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 దాకా తీసుకున్నారు. పరీక్ష మే 4న, ఫలితాలు జూన్ 14న. ఏటా కొంచెం అటూఇటూ ఇదే వరస. చెల్లె కోచింగ్ లేకుండా ఆ పరీక్ష రాసింది. సీటు కోసం కాదు, తన స్థాయి తెలుసుకోవడానికి. బయాలజీలో మంచి మార్కులే వచ్చాయి. ఫిజిక్స్ ముంచింది. ర్యాంకు మా ఎక్సెల్‌లోని చివరి సీటుకు చాలా దూరంలో ఆగింది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఫలితం చూసి ఏడ్చి, వారంలో లాంగ్‌టర్మ్ హాస్టల్‌లో చేరిపోతారు. హాస్టల్‌తో కలిపి లక్ష దాటే ఖర్చు అది. చేరే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. పోయినసారికీ వచ్చేసారికీ ఏం మారుతుంది? "ఈసారి ఇంకా కష్టపడతా" అనేది జవాబు కాదు. పోయినసారి కూడా కష్టపడే ఉంటారు. "ఇంటర్లో ఫిజిక్స్ చెప్పే సార్ సగం సంవత్సరం లేడు, మెకానిక్స్ నుంచి మళ్లీ మొదలుపెడతా" అనేది జవాబు. "పోయినేడు ఇంట్లో నాయన ఆపరేషన్, మూడు నెలలు పుస్తకం ముట్టలేదు" అనేది జవాబు. అలాంటిది చెప్పగలిగితే ఒక ఏడాది పెట్టడం సబబే. రెండోసారి లాంగ్‌టర్మ్ అంటే నేను భయపడతాను. మూడోసారి అంటే వద్దనే చెప్తాను. ఇది నా అభిప్రాయం, మూడోసారికి సీటు తెచ్చుకున్నవాళ్లు లేరని కాదు.

రాయడం ఆపేయడం, ఒక ఏడాది ఆగడం ఒకటి కాదు. చెల్లె ఎంచుకున్నది రెండోది. జులైలో స్క్రైబ్ ఉద్యోగంలో చేరింది. అక్కడి డాక్టర్, రోగి మాట్లాడుకుంటుంటే ఇక్కడ హెడ్‌ఫోన్‌లో విని రికార్డు రాసే పని. ఏ బాధతో వచ్చాడు, ఎన్ని రోజుల నుంచి, ముందు ఏ మందులు వాడాడు, డాక్టర్ ఏం అనుమానిస్తున్నాడు అన్నీ వరసగా నోట్ చేయాలి. అక్కడ పగలు కాబట్టి ఇక్కడ రాత్రి డ్యూటీ. నాలుగు నెలల్లో ఆమె మందుల పేర్లు మాట్లాడుతుంటే నాకే అర్థం కావట్లేదు. కానీ ఈ ఉద్యోగంలో స్థిరపడదామనుకునేవాళ్లకు ఒక మాట. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు ఇదే పనిని ఏఐతో చేయించే సాఫ్ట్‌వేర్లు అమ్ముతున్నాయి. మనిషి రాసేది తగ్గి, మెషిన్ రాసినదాన్ని దిద్దే పని పెరుగుతుంది. రెండేళ్ల మెట్టుగా వాడుకోండి, ఇల్లు కట్టుకునే స్థలంగా కాదు. బీఎస్సీ లైఫ్ సైన్సెస్ వాళ్లకు 108 అంబులెన్స్‌లో ఈఎంటీ ఉద్యోగం కూడా ఉంటుంది. జీతం గొప్పది కాదు. రోగిని దగ్గరగా చూడాలనుకుంటే మాత్రం దానికంటే నికార్సైన చోటు లేదు.

ఆమె ప్రణాళిక ఇది. 2026 నీట్ రాయదు. రాత్రి డ్యూటీతో పాటు మొత్తం సిలబస్ చదవడం అయ్యే పని కాదని రెండు వారాల్లోనే తేలిపోయింది. ఈ ఏడాదంతా ఫిజిక్స్ ఒక్కటే, రోజుకు గంట. జీతంలో నెలకు కొంత పక్కన పెడుతోంది. 2026 జూన్‌లో ఉద్యోగం మానేసి, తన డబ్బుతో ఒక్క సంవత్సరం పూర్తిగా చదివి, 2027లో రాస్తుంది. అప్పుడూ ర్యాంకు రాకపోతే? ఆసుపత్రి చూసొచ్చింది కాబట్టి ఆమెకు ఇంకో జవాబు కూడా దొరికింది. ఆ పదిహేను రోజుల్లో డాక్టర్ల కంటే ఎక్కువగా నర్సులను గమనించానని చెప్పింది. నర్సింగ్ ఆమె రెండో ఎంపిక. దవాఖానకు పోకముందు అడిగి ఉంటే ఆ మాట అనేదే కాదు. బాబాయి పూర్తిగా ఒప్పుకోలేదు. "రెండేండ్లు" అని గడువు పెట్టాడు.

ఈ నిర్ణయం కరెక్టా అంటే చెప్పలేను. 19 ఏళ్ల పిల్ల అయి, ర్యాంకు దగ్గరలో ఆగి ఉంటే వెంటనే రాయమనే చెప్పేవాణ్ణి. వయసు, ఇంటి పరిస్థితి, ర్యాంకు దూరం, మూడూ కలిపి చూడాలి.

ఇంటర్ పిల్లలకు, వాళ్ల అన్నలకు, అక్కలకు ఒక కిటుకు. మే మొదటి ఆదివారం నీట్ అయిపోతుంది. ఫలితం జూన్‌లో. మధ్యలో ఐదారు వారాలు అందరూ ఆన్సర్ కీలు చూసుకుంటూ ఫోన్ల మీద పడి ఉంటారు. దవాఖాన చూడటానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదు. ఫలితం వచ్చేలోపు మీకు లాంగ్‌టర్మ్ కావాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది.

నాలాగా ఎంపీసీ చదివినవాళ్లు కూడా అడుగుతున్నారు. 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన నోటీసు ప్రకారం ఇంటర్ అయ్యాక గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు అర్హత ఉంది. దారైతే ఉంది. కానీ బీటెక్ బోర్ కొట్టి అటు చూస్తున్నారా, నిజంగా అటే పోవాలని చూస్తున్నారా అన్నది తేలాలంటే మీకు పదిహేను రోజులు చాలవు, రెండు నెలలు పెట్టండి.

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వాళ్లు మరొకటి చూసుకోవాలి. మన దిక్కు పిల్లలు చాలామంది ఇంటర్‌కు విజయవాడ పోతారు. 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం తెలంగాణ లోకల్ కోటాకు ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలి. సుప్రీంకోర్టు కూడా 2025 సెప్టెంబర్‌లో దాన్ని సమర్థించింది. తొమ్మిదో తరగతి నుంచి మీ స్టడీ సర్టిఫికెట్లు ముందేసుకుని, యూనివర్సిటీ నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని చదవండి. లాంగ్‌టర్మ్‌కు లక్ష కట్టేముందు చేయాల్సిన పని ఇది, కట్టాక కాదు.

నిన్న రాత్రి చెల్లె డ్యూటీ బ్రేక్‌లో మెసేజ్ పెట్టింది. అక్కడెవరో పెద్దావిడ, భర్త పోయి నెలయిందట, డాక్టర్‌కు మోకాలి నొప్పి అని చెప్పి పదిహేను నిమిషాలు భర్త గురించే మాట్లాడిందట. "దీన్ని ఏ కాలమ్‌ల రాయాలె అన్నా?" అని అడిగింది. కాసేపటికి తనే రాసింది, "డాక్టర్ మొత్తం విన్నడు. రెండు నిమిషాలు కాదు."

మీ ఊరి సబ్‌సెంటర్‌లో ఈ బుధవారం టీకాల రోజు. పొద్దున్నే పోయి ఏఎన్ఎం అక్కను అడగండి.